నీళ్ళ రంజన్ మూతి గుండ్రంగా కనిపించదు: బొమ్మలు గీయడం మీద అపోహలు - వాస్తవాలు

బల్లార్‌పూర్‌లో పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతాను. పెద్దవాళ్ళు కూడా వస్తారు, గనిలో షిఫ్ట్ దిగి స్నానం చేసి సాయంత్రం వచ్చి కూర్చునేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ ఉంటారు. చంద్రపూర్ జిల్లాలో మాలాంటి తెలుగు ఇళ్ళు చాలా ఉన్నాయి, తాతల కాలంలో బొగ్గు గనులకో పేపర్ మిల్లుకో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాం, ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో హిందీ. ఇక్కడి పిల్లలకు మహారాష్ట్ర కళా సంచాలనాలయం పెట్టే ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగ్ పరీక్షలు ఉంటాయి. ఇంటర్మీడియట్ డ్రాయింగ్ పరీక్షలో గ్రేడ్ వస్తే పదో తరగతిలో అదనపు మార్కులు కలుస్తాయి కాబట్టి ఆ రోజులు దగ్గర పడ్డాయంటే తల్లిదండ్రులకు టెన్షన్. అప్పుడు వచ్చి వాళ్ళు చెప్పే మాటల్లో కొన్ని పిల్లల్ని ఏళ్ళ తరబడి వెనక్కి లాగుతున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "మా బిడ్డకు చెయ్యి తిరగదు సార్, అది పుట్టుకతో రావాలి."

ఆ బిడ్డ తన పేరు రాస్తుంది కదా. మూడు భాషల్లో రాస్తుంది. "ఞ" రాయగలిగిన చేతికి కుండ వంపు కష్టమేమీ కాదు. తప్పు ఎక్కడ జరుగుతుందో చూపిస్తాను.

కొత్తగా చేరినవాళ్ళ ముందు స్టూలు వేసి దాని మీద మంచినీళ్ళ రంజన్ (మట్టి కుండను ఇక్కడ అలా అంటాం) పెట్టి, మూత తీసేసి, గీయమంటాను. పది మందిలో ఎనిమిది తొమ్మిది మంది రంజన్ మూతిని దాదాపు పూర్ణ వృత్తంగా గీస్తారు, అడుగును మాత్రం స్కేలు పెట్టినట్టు తిన్నని గీతగా లాగుతారు. ఎందుకంటే మూతి గుండ్రంగా ఉంటుందని వాళ్ళకు తెలుసు, నీళ్ళు ముంచడానికి అందులో చెయ్యి పెట్టారు కదా. అడుగు స్టూలు మీద చదునుగా కూర్చుందనీ తెలుసు. ఆ తెలిసిన సంగతే కాగితం మీదికి దిగింది, ఎదురుగా ఉన్న రంజన్‌ని ఎవరూ చూడలేదు.

అప్పుడు పెన్సిల్ పట్టుకుని చెయ్యి బారుగా చాపమంటాను. మోచెయ్యి వంచకూడదు, వంచితే కొలత మారిపోతుంది. ఒక కన్ను మూసి, పెన్సిల్ కొనను మూతి ఎడమ అంచుకు ఆనించి, కుడి అంచు దగ్గర బొటనవేలు గోరు పెట్టాలి. అది మూతి వెడల్పు. గోరు కదపకుండా పెన్సిల్‌ని నిలువుగా తిప్పి, మూతి ముందు అంచు నుంచి వెనక అంచు వరకు ఎంత ఉందో చూడాలి. మొన్న ఒక ఆరో తరగతి పిల్ల ఇలా కొలిచి, నమ్మకం కుదరక మళ్ళీ కొలిచి, "సార్, ఐదో వంతు కూడా లేదు" అంది. అవును, లేదు. గుండ్రటి మూతి మన కంటి ఎత్తుకు ఎంత దగ్గరగా వస్తే అంత సన్నబడుతుంది, సరిగ్గా కంటి ఎత్తుకు వస్తే గీత అయిపోతుంది. అడుగు కంటికి ఇంకా కింద ఉంటుంది కాబట్టి దాని వంపు మూతి వంపు కన్నా ఎక్కువ కనిపించాలి, తిన్నగా ఉండే ప్రశ్నే లేదు. ఆ పిల్ల రెండో బొమ్మ మొదటిదానికి పది నిమిషాల తర్వాత గీసింది. పది నిమిషాల్లో చేతికి కొత్త విద్య ఏదీ రాలేదు, కొలిచి చూసింది అంతే.

అపోహ: వివరాలు ఎన్ని గీస్తే బొమ్మ అంత బాగుంటుంది.

మా ఊరి బల్లార్షా రైల్వే స్టేషన్‌లో వేసిన తాడోబా అడవి బొమ్మలు చూసి వచ్చిన పిల్లలు పులిని గీస్తామంటారు, చారలతో మొదలుపెడతారు. చారలన్నీ అయిపోయాక చూస్తే అది పులి ఆకారంలో కత్తిరించిన చారల గుడ్డలా పడి ఉంటుంది. చార అనేది ఒంటి గుండ్రం మీద చుట్టుకుని పోతుంది, ముందు ఆ ఒళ్ళు ఉండాలి. డొక్క ఒక పెద్ద ముద్ద, ఛాతీ ఇంకో ముద్ద, తల ఒక చిన్న ముద్ద, ఈ మూడూ ఒకదానికొకటి ఎంత వాలుగా ఉన్నాయన్నది తేలాకే మిగతావన్నీ.

నేను చెప్పే పద్ధతి ఇది. ఏ వస్తువైనా, ఎంత వంకర్లున్నా, ముందు ఐదారు తిన్నని గీతల్లో బంధించండి, గంప మీద గుడ్డ కప్పితే బయటి ఆకారం ఒక్కటే తెలుస్తుంది చూడండి, అలా. వంపులు తర్వాత. ఎక్కువ వంగినట్టు కనిపించే గీత నిజానికి ఎంత వాలుగా ఉందో తిన్నని గీతతోనే తెలుస్తుంది, వంపుతో మొదలుపెడితే చెయ్యి దాని ఇష్టానికి పోతుంది.

అది కూడా కుదరకపోతే వస్తువును వదిలేసి దాని చుట్టూ ఉన్న ఖాళీని గీయండి. గనిలో పనిచేసే ఒకాయన, మేం అన్నా అని పిలుస్తాం, ప్లాస్టిక్ కుర్చీ గీయలేక మూడు రోజులు ఇబ్బంది పడ్డాడు. కుర్చీకి నాలుగు కాళ్ళు సమానం అని తెలుసు కాబట్టి నాలుగూ సమానంగానే గీస్తున్నాడు, కుర్చీ ఏమో గాల్లో తేలుతోంది. "అన్నా, కుర్చీని మర్చిపో, చేతికీ సీటుకీ మధ్య కనిపించే గోడ ముక్క ఏ ఆకారంలో ఉందో అదొక్కటే గియ్యి" అన్నాను. ఆ సందుకు పేరు లేదు, దాని గురించి ముందే తెలిసిందేమీ లేదు, అందుకే కంటికి కనిపించినట్టే చేతికి వచ్చింది. అలాంటి సందులు ఐదారు గీసేసరికి మధ్యలో కుర్చీ దానంతటదే నిలబడింది.

అపోహ: నల్లటి వస్తువుకు నల్ల షేడింగ్, తెల్ల వస్తువుకు కాగితం వదిలేయడం.

మా ఊళ్ళో దీన్ని పరీక్షించడం చాలా తేలిక. మే నెల మిట్టమధ్యాహ్నం వాకిట్లో ఒక బొగ్గు పెళ్ళ పెట్టండి. ఇంట్లో కిటికీకి దూరంగా, మూలన, ఒక తెల్ల కాగితం పెట్టండి. బొగ్గు తన మీద పడ్డ వెలుగులో చాలా కొంచెమే తిప్పి పంపుతుంది, కాగితం చాలావరకు పంపుతుంది, అయినా చంద్రపూర్ ఎండకూ ఇంటి మూల వెలుగుకూ ఉన్న తేడా వందల రెట్లు కాబట్టి ఎండలోని బొగ్గు నుంచే కంటికి ఎక్కువ వెలుగు వస్తుంది. గడప దగ్గర నిలబడి రెంటినీ చూసినా మన మనసు మాత్రం బొగ్గు నలుపనీ కాగితం తెలుపనీ చెబుతూనే ఉంటుంది. రోజూ బతకడానికి అది మేలే. బొమ్మ గీసేటప్పుడు మాత్రం ఆ మాట వినకూడదు.

దీనికి నాకు తెలిసిన మందు ఒకటే, కళ్ళు సగం మూసి చూడడం. ఎండలో దూరంగా వచ్చే బస్సు బోర్డు చదవడానికి కళ్ళు చిట్లిస్తామే, అంతకన్నా కొంచెం ఎక్కువ. రెప్పల మధ్య నుంచి చూస్తే చిన్న చిన్న తేడాలు కలిసిపోయి రెండు మూడు పెద్ద మచ్చలే మిగులుతాయి. ఆ మచ్చల్ని మూడు టోన్లలోనే వేయండి, వెలుగు, మధ్య, నీడ. మూడింటితో బొమ్మ నిలబడితే అప్పుడు నాలుగోది, ఐదోది. మూడింటితో నిలబడని బొమ్మ ముప్పై టోన్లతోనూ నిలబడదు.

ఇక్కడే అందరూ పడే గుంట ఇంకొకటి ఉంది. రంజన్ నీడ వైపు, కింది అంచు దగ్గర, స్టూలు మీద నుంచి ఎగిరొచ్చిన వెలుగు సన్నగా కనిపిస్తుంది. కళ్ళు పెద్దవి చేసి దాన్నే చూస్తూ ఉంటే అది బాగా మెరుస్తున్నట్టు అనిపిస్తుంది, పిల్లలు రబ్బరు తీసుకుని అక్కడ తెల్లగా చేసేస్తారు, వెంటనే రంజన్ మట్టిదల్లా రేకుదైపోతుంది. మామూలు మట్టి వస్తువు మీద, ఒకే కిటికీ వెలుగులో, నీడలో ఉన్న ఎంత లేత భాగమైనా వెలుగు వైపున్న మధ్య టోన్ కన్నా ముదురుగానే ఉంటుంది. చుట్టూ ముదురు ఉండడం వల్ల లేతగా కనిపిస్తోందంతే. కళ్ళు చిట్లించి చూడండి, ఆ వెలుగు నీడలో కలిసిపోతుంది.

అపోహ: అవుట్‌లైన్ నీట్‌గా, చుట్టూ ఒకే మందంలో రావాలి.

ఈ మాట మీద నాకు నిజంగా బాధ ఉంది. నేను చదువుకున్న బడిలో బొమ్మంతా అయ్యాక చుట్టూ నల్లగా గీత దిద్దకపోతే పూర్తి కాలేదనేవారు. దిద్ది దిద్ది, ఆ అలవాటు మానుకోవడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది.

మన కంటికి చాలా స్పష్టంగా కనిపించే భాగం ఎంత చిన్నదంటే, చెయ్యి చాపి చూస్తే బొటనవేలి గోరు కన్నా కొంచెం పెద్దది. మిగతాదంతా మసకే. కానీ కన్ను ఒక్క చోట ఆగదు కదా, ఎక్కడికి తిప్పితే అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది, అందుకని అంతా స్పష్టంగానే ఉందని అనుకుంటాం. అవుట్‌లైన్ గీసేవాళ్ళు చేసేది ఇదే, ఒక్కో అంచు దగ్గరికి వెళ్ళి దాన్నే చూసి పదునుగా గీస్తారు, చివరికి బొమ్మలో అన్ని అంచులూ ఒకేసారి కేకలు పెడుతుంటాయి.

అంచును పక్కనున్న అంచుతో పోల్చి చూడాలి. రంజన్ వెలుగు వైపు అంచు వెనకున్న చీకటి గోడ మీద కత్తితో కోసినట్టు ఉంటుంది. నీడ వైపు అంచు గోడ నీడలోకి కరిగిపోయి ఎక్కడ మట్టి ఆగిందో ఎక్కడ గోడ మొదలైందో తెలియదు. తెలియనప్పుడు గీయకండి. అక్కడ గీత లేకపోయినా చూసేవాళ్ళ మనసు రంజన్‌ని పూర్తి చేసుకుంటుంది. పొట్ట మీద వెలుగు నీడలోకి తిరిగే చోట అసలు అంచే లేదు, మెల్లగా మారడం ఉంది. స్టూలు మీద పడిన నీడకు మాత్రం రంజన్‌కు ఆనుకున్న చోట అంచు పదును, దూరం వెళ్ళేకొద్దీ మెత్తన.

అపోహ: మంచి బొమ్మకు పెద్ద పెన్సిల్ సెట్ కావాలి.

హెచ్‌బీ పెన్సిల్ ఒకటి, అంతకన్నా మెత్తని 4బీ ఒకటి, మందపాటి కార్ట్రిడ్జ్ పేపర్. చాలు. పెన్సిల్ లోపల ఉన్నది సీసం కాదు, గ్రాఫైట్, బంకమట్టి. 1795లో ఫ్రాన్స్‌లో కాంటే అనే ఆయన ఈ రెండూ కలిపి కాల్చే పద్ధతి కనిపెట్టాడు, మట్టి పెరిగితే గట్టి, గ్రాఫైట్ పెరిగితే మెత్తన నలుపు. బాగా నలుపు కావాలని ఇంకా మెత్తని 6బీని అదిమి రుద్దితే గ్రాఫైట్ మెరిసి ఇంకా లేతగా కనిపిస్తుంది, అంత నలుపు కావాలంటే చార్‌కోల్ వాడండి.

వేలితో పులిమితే షేడింగ్ వస్తుందన్నదీ ఇలాంటిదే. పులిమితే టోన్లన్నీ ఒకటవుతాయి, పైగా వేలి జిడ్డు కాగితానికి పడుతుంది.

అపోహ: ఫోన్‌లో ఫొటో తీసుకుని చూసి గీసినా ఒకటే.

ఫొటోలో నీడ నల్లగా గడ్డకట్టుకుపోయి ఉంటుంది, లేదా ఫోనే దాన్ని వెలిగించేసి ఉంటుంది. ఏది ఉంచాలి ఏది తీసేయాలి అన్న నిర్ణయం మీకన్నా ముందే ఫోన్ చేసేసింది, నేర్చుకోవలసింది ఆ నిర్ణయమే. రెండు మూడేళ్ళు వస్తువును ఎదురుగా పెట్టుకుని గీసినవాళ్ళు ఫొటో వాడితే నాకు అభ్యంతరం లేదు, దానిలో ఏం తప్పిపోయిందో వాళ్ళకు తెలుస్తుంది.

అపోహ: చూసి గీస్తే ఊహ చచ్చిపోతుంది, సింపుల్‌గా గీయడం చేతకానివాళ్ళ పని.

చిత్రకారుడు తోట వైకుంఠం గారి తెలంగాణ ఆడవాళ్ళ బొమ్మలు చూడండి, మా ఇళ్ళలో చాలామందికి పాత ఊరు కరీంనగర్ వైపే, ఆయనదీ అక్కడే. నుదుట పెద్ద బొట్టు, చీర కొంగు, నిండైన ఒళ్ళు, కొన్నే గీతలు, గట్టి రంగులు. ఆ మనుషుల మధ్య పెరిగి, వాళ్ళను గీసి గీసి, ఏది తీసేసినా మనిషి మిగులుతుందో తెలిసినవాడికే అంత తక్కువతో సరిపోతుంది. మన పరీక్షల్లో మెమరీ డ్రాయింగ్ పేపర్ కూడా ఉంది. సంత, బస్టాండు, బావి దగ్గర ఆడవాళ్ళు, ఇలాంటివి చూడకుండా వేయాలి. వంగి నీళ్ళు తోడే మనిషి నడుం ఎంత వంగుతుందో ఒకసారైనా ఆగి చూడనివాళ్ళకు ఆ పేపర్‌లో ఊహ ఏమీ సాయం చేయదు.

ఎన్ని రోజుల్లో వస్తుంది సార్ అని అడుగుతారు. రోజుల లెక్క నేను చెప్పను. మీ ఇంట్లో రంజన్ ఉంటుంది, లేకపోతే స్టీలు బిందె వద్దు, మెరుపులు ఎక్కువ, ఇంకో మట్టి కుండ ఏదైనా తీసుకోండి. ఒకే కిటికీ పక్కన పెట్టండి, లైటు ఆపేయండి. మొదటి రెండు రోజులు తిన్నని గీతల ఆకారం మాత్రమే, షేడింగ్ వద్దు. తర్వాత రెండు రోజులు మూడు టోన్లు. ఐదో రోజు ఒక్క అంచునైనా ధైర్యంగా వదిలేయండి. ఆ ఐదు కాగితాలూ చింపకుండా నా దగ్గరికి తీసుకురండి, మొదటిది కూడా.