ఇంటి క్లౌడ్‌కి ఎన్ని టీబీలు? అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఇళ్లకు న్యాస్ డబ్బాలు పెట్టిస్తుంటాను, అంటే ఫోన్లో ఫొటోలు మన ఇంట్లోని డిస్కులోనే దాచుకునే పర్సనల్ క్లౌడ్. అందరూ అడిగేది ఒకటే, ‘ఎన్ని టీబీ వేయాలప్పా?’ టీబీ అంటే టెరాబైట్, సుమారు వెయ్యి జీబీలు.

అపోహ: డిస్కులో స్థలం తక్కువిచ్చి మోసం చేస్తారు.

టవర్ క్లాక్ దగ్గరుండే రిటైర్డ్ సార్ ఒకాయన ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, ‘4 టీబీ అని డబ్బు తీసుకుంటివి, ఇందులో 3.63 చూపిస్తా ఉంది, మిగిలింది యాడికి పాయె?’ అన్నాడు. ఎక్కడికీ పోలేదు. తయారీవాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేసి దాన్నీ టీబీ అనే అంటుంది. లెక్కల సారే కాబట్టి కాగితం మీద భాగించి చూసుకున్నాక గానీ కాఫీ ముట్టలేదు.

అపోహ: రెండు 4 టీబీ డిస్కులు వేస్తే 8 వస్తుంది.

మిర్రర్ పెడితే, అంటే రెండు డిస్కుల్లోనూ అదే డేటా అద్దంలోలా ఉంచితే, 4 మాత్రమే. ఒకటి 4, ఇంకోటి 8 వేసినా మామూలు మిర్రర్‌లో చిన్నదాని లెక్కే. పైగా మిర్రర్ ఉంది కదా అని బ్యాకప్ మానేస్తారు, అదే నాకు కోపం. ఒక డిస్క్ చెడిపోతే మిర్రర్ కాపాడుతుంది గానీ పిల్లాడు పెళ్లి ఫొటోల ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండింట్లోనూ అప్పుడే పోతుంది. పెద్ద డిస్కుకు పెట్టే డబ్బులో కొంత మిగిల్చి ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కొని, నెలకోసారి కాపీ చేసి, ధర్మవరంలో అత్తగారింట్లో పెట్టండి.

అపోహ: ఎంత పెద్దదైతే అంత మంచిది.

ఫొటో 4 ఎంబీ అనుకుందాం. నలుగురూ నెలకు తలా 500 తీసినా ఏడాదికి 100 జీబీ దాటదు. తినేసేది వీడియోలే, 4కే అయితే కొన్ని ఫోన్లలో నిమిషానికి 350 ఎంబీ పైనే. వాటిని మించింది సీసీ కెమెరా: 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) పెట్టినా రోజుకు 21.6 జీబీ, నాలుగు కెమెరాలైతే 4 టీబీ 46 రోజులకే ఖాళీ ఉండదు. అందుకే కెమెరాలకు 15 రోజుల హద్దు పెట్టి ఫొటోల వాటా వేరు చేస్తాను. కెమెరాలు లేని ఇంటికి 4 టీబీలు రెండు చాలు, కొనేటప్పుడు సీఎంఆర్ డిస్కేనా (డేటా వరసలు ఒకదానిపై ఒకటి ఎక్కకుండా రాసే రకం) అని మాత్రం చూసుకోండి.

అపోహ: నిండితే మళ్లీ మొదటినుంచి.

అవసరం లేదు. చాలా డబ్బాల్లో ఒక్కో డిస్క్ తీసి పెద్దది వేసుకుంటూ పోవచ్చు, కాకపోతే కాపీకి గంటలు పడుతుంది. ముందు బ్యాకప్ తీసి, యూపీఎస్ పెట్టుకోండి. మే నెల మధ్యాహ్నం, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియనప్పుడు ఆ పనికి నన్ను పిలిస్తే రాను.