"నెటిజన్ల ఆగ్రహం" చూసి వణికిపోయేవాళ్ల కోసం

విజయవాడలో ఒక వెబ్ డెస్క్‌లో సబ్ ఎడిటర్‌ని. మొన్న గుంటూరు అరండల్‌పేట నుంచి టిఫిన్ బండి నడిపే పెద్దాయన ఫోన్ చేశారు. చట్నీ నీళ్లలా ఉందని ఎవరో వీడియో పెడితే ఒక సైట్‌లో "నెటిజన్ల ఆగ్రహం" అని వార్త వచ్చిందట. "ఊరంతా తిడుతోందంట కదమ్మా, రేపు బండి పెట్టాలా వద్దా?" అంటుంటే గొంతు వణుకుతోంది.

ఆ వీడియో తెరిచి కామెంట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టాను. మొత్తం పద్నాలుగు, రాసింది తొమ్మిది మంది. వాళ్లలో తిట్టింది నలుగురు, ముగ్గురు ఉత్త నవ్వు బొమ్మలు పెట్టారు, ఒకాయన బండి ఎక్కడుంటుందని అడిగాడు, ఒకావిడ అల్లం చట్నీ బాగుంటుందని రాసింది. ఆ నలుగురే హెడ్డింగ్‌లో "నెటిజన్లు" అయి కూర్చున్నారు!

అన్నిటికంటే చేటు చేసే అపోహ ఇదే, నెటిజన్లు అంటే జనమంతా అనుకోవడం. కాదండీ. వైరల్ వీడియో కింద ఘాటైన కామెంట్లు మూడు ఏరుకుంటే చాలు, మా వాళ్లకి వార్త రెడీ. ఎంతమంది అన్నారో రాయరు, ఎందుకంటే నలుగురు అని రాస్తే ఎవరూ క్లిక్ చేయరు. ఈ పద్ధతి మీద నాకు ఒళ్లు మండుతుంది, డెస్క్‌లో రోజూ గొడవ పడుతూనే ఉంటాను.

అసలు నెటిజన్ అన్న మాట పుట్టింది తిట్టేవాళ్ల కోసం కాదు. 1990ల మొదట్లో, యూజ్‌నెట్ అనే ఆన్‌లైన్ చర్చా వేదిక రోజుల్లో, కొలంబియా యూనివర్సిటీలో చదువుకుంటున్న మైఖేల్ హాబెన్ దాన్ని వాడుకలోకి తెచ్చాడు. ఆన్‌లైన్‌కి వచ్చిన ప్రతివాడూ నెటిజన్ కాడు, సొంత లాభం కోసం వచ్చేవాళ్లు అసలే కారు, తెలిసింది పంచుకుంటూ నెట్ అందరికీ పనికొచ్చేలా పాటుపడేవాళ్లే నెటిజన్లు అన్నాడు. తల్లి రోండా హాబెన్‌తో కలిసి రాసిన పుస్తకం 1997లో అచ్చయింది. ఆ లెక్కన, అల్లం చట్నీ సంగతి చెప్పిన ఆవిడే నెటిజన్.

మిగతా అపోహలు చిన్నవి. నెటిజన్‌లో "జన్" అంటే జనం కాదు, సిటిజన్‌లో తోక అది. ఫేస్‌బుక్ వచ్చాక పుట్టిన మాటా కాదు, ఫేస్‌బుక్ వచ్చింది 2004లో.

మీ మీద అలాంటి హెడ్డింగ్ పడితే ముందు కామెంట్లు కాదు, మనుషుల్ని లెక్కపెట్టండి. స్క్రీన్‌షాట్లు తీసుకుని ఆ డెస్క్‌కి ఫోన్ చేసి "ఎంతమంది అన్నారు, చూపించండి" అని అడగండి. పెద్దాయన అలాగే అడిగారు, సాయంత్రానికి హెడ్డింగ్ మార్చారు.