కత్తిరించిన స్ట్రిప్, తప్పు చెప్పిన టైము

విజయవాడ సూర్యారావుపేటలో మెడికల్ షాపులకు కొదవ లేదు. "జ్వరం బిళ్లలు నాలుగివ్వండి" అంటే చాలు, స్ట్రిప్ కత్తిరించి చిన్న కవర్లో వేసిస్తారు. మందు పేరున్న ముక్క ఒక్కోసారి షాపులోనే ఉండిపోతుంది. ఇంట్లో పిల్లాడు అవి మింగేస్తే, క్యాజువాలిటీలో డాక్టరు అడిగే మొదటి ప్రశ్నకే జవాబుండదు: ఏం మందు? ఇలాంటి మందులు ఎందరు పిల్లల్ని దెబ్బతీస్తున్నాయో లెక్క తేలకపోవడం ఇక్కడే మొదలవుతుంది.

రెండో ప్రశ్న, ఎప్పుడు మింగాడు? పారాసెటమాల్ డోసు మించితే కాలేయం దెబ్బతింటుందని బ్రిటన్ డాక్టర్లు 1966లో రాశారు. 1975లో రుమాక్, మాథ్యూ అనే డాక్టర్లు ఒక గ్రాఫ్ గీశారు. మింగి ఎన్ని గంటలైంది, రక్తంలో మందు ఎంతుంది అన్నది చూసి విరుగుడు ఇవ్వాలో లేదో తేల్చుకోవడానికి అది ఇప్పటికీ ఆధారం. టైము తప్పు చెబితే గ్రాఫూ తప్పే చెబుతుంది. పైగా తొలిరోజు పిల్లలు బాగానే కనిపించవచ్చు, ఏమీ కాలేదనుకుని ఇంటికి తీసుకెళ్లిపోతారు. ఆ కేసు ఏ లెక్కలోకీ రాదు.

జ్వరం తగ్గడం లేదని మూడు రోజులు సిరప్ ఎక్కువెక్కువగా పట్టిన తల్లి విషయంలో ఆ గ్రాఫ్ అసలు పనికిరాదు. అయిదు మి.లీ.లో 120 మి.గ్రా. మందున్న సీసా ఒకటి, 250 ఉన్నది ఇంకొకటి. మూత కొలత మాత్రం ఒకటే. "ఒక మూత పట్టానండీ" అంటే డాక్టరు ఎంతని రాసుకోవాలి?

అసలు చిక్కు మూడో ప్రశ్న దగ్గర: ఎందుకు? 1860 నాటి శిక్షాస్మృతిలోని 309 సెక్షన్ ఆత్మహత్యాయత్నాన్ని నేరమంది. ఎం.ఎల్.సి. (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలిపే కేసు) రాస్తారని తెలిస్తే ఇంటర్ చదివే అమ్మాయి తల్లిదండ్రులు ఏమంటారు? "తలనొప్పికి పొరపాటున రెండెక్కువ వేసుకుందండీ." రిజిస్టర్లోకి ఆ మాటే ఎక్కుతుంది. పొరపాటుకు ఒక కోడ్, కావాలని చేసినదానికి ఇంకో కోడ్. తర్వాత పరిశోధకుడికి మిగిలేది ఆ కోడే. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆ సెక్షన్ కోరలు తీసింది, 2024 జులై 1న వచ్చిన కొత్త న్యాయసంహితలో అది లేనే లేదు. పరువు భయానికి మాత్రం ఏ చట్టమూ అడ్డురాదు. పోనీ పిల్లనే అడుగుదామంటే, 18 నిండలేదు కాబట్టి సర్వేకి మామూలుగా అమ్మానాన్నల సంతకం కావాలి. వాళ్లు పక్కనుంటే ఆ పిల్ల నోరు విప్పుతుందా?

జ్వరానికీ నొప్పులకూ వాడే నిమెసులైడ్‌ను పన్నెండేళ్లలోపు పిల్లలకు మన ప్రభుత్వం 2011లో నిషేధించింది. డోసు మించి మింగడం తగ్గాలని బ్రిటన్ 1998లో పారాసెటమాల్ ప్యాకెట్ సైజు తగ్గించినప్పుడు, ఫలితమేమిటో చూడటానికి అంతకుముందు ఏళ్ల లెక్కలు వాళ్ల దగ్గరున్నాయి. మన నిషేధం గుంటూరులోనో బెజవాడలోనో ఎందరు పిల్లల్ని కాపాడిందో చెప్పాలంటే ఆ పాత రిజిస్టర్లే తిరగేయాలి. వాటిలో ఉన్నది "పొరపాటున".