ఫాంటు లేకనే వీడియో: తెలుగు వెబ్ వార్తల వెనక కథ

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడింది. సింగ్‌నగర్ వీధుల్లో నిలిచిన నీళ్లు, డాబాల మీంచి చేతులూపుతున్న జనం, పడవల్లో పసిపిల్లలు. ఆ వారమంతా ఎవరి ఫోను చూసినా అవే దృశ్యాలు. చూసిన ప్రతివాళ్లూ అడిగిన ప్రశ్న మాత్రం వేరు: ఇన్ని నీళ్లు ఎటునుంచి వచ్చాయి? మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే వాగు అది. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు, అక్కణ్నుంచి వరదను కృష్ణలోకి మళ్లించే కాలువ, ఆ కాలువకు పడిన గండ్లు... ఒక మ్యాపు, దాని పక్కన పది వాక్యాలు ఉంటే ఎవరికైనా అర్థమయ్యే సంగతి. అలాంటి మ్యాపుల కంటే డ్రోన్ వీడియోలే మనకు ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించాయి.

రాత, ఫొటో, గొంతు, వీడియో కలిపి చెప్పే మల్టీమీడియా వార్త అంటే మన దగ్గర వీడియో అనే అర్థం ఎందుకు స్థిరపడింది? మన జనం చదవరు, చూస్తారు అని తేల్చేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పత్రిక రాకపోతే పొద్దున టీ దిగని ఊళ్లు మనవి. నా దృష్టిలో అసలు కారణం ఫాంటు, అంటే తెర మీద అక్షరాలకు రూపమిచ్చే ఫైలు.

అమెరికాలో ఈ పని అక్షరంతోనే మొదలైంది. 1993లో సోమాలియా రాజధాని మొగదిషులో అమెరికా సైనికులు చేసిన పోరు మీద విలేకరి మార్క్ బౌడెన్ రాసిన 29 భాగాల కథనాన్ని 1997 నవంబరు నుంచి ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ అచ్చులో వేస్తూనే, వెబ్‌లో దానికి మ్యాపులు, రికార్డు చేసిన గొంతులు, వీడియోలు జోడించింది. పాఠకులు అడిగినవాటికి బౌడెన్ అక్కడే జవాబిచ్చేవారు. ఆ పోరులో ఉన్న సైనికులు రాసి తప్పులు దిద్దారు కూడా. 2012 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ వేసిన ‘స్నో ఫాల్’ అందరికీ తెలిసిందే. వాషింగ్టన్ రాష్ట్రంలో మంచుచరియ విరిగిపడి ముగ్గురు స్కీయర్లు చనిపోయిన ఘటన అది. చదువుతూ కిందికి జరుపుతుంటే కొండ కదిలేది, మంచు జారేది. మరుసటి ఏడాది దానికి పత్రికా రచనకిచ్చే పులిట్జర్ బహుమతి వచ్చింది. రెండింటిలోనూ మధ్యలో నిలబడింది రాతే.

అదే రోజుల్లో మన పరిస్థితి చూడండి. 1990ల చివర్లో తెలుగు పత్రికలు వెబ్‌లోకి వచ్చాయి. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. అది దించుకుని కంప్యూటర్‌లో పెట్టుకోకపోతే తెర మీద తెలుగు ఉండదు, నెత్తిన చుక్కలూ టోపీలూ పెట్టుకున్న రోమన్ అక్షరాలు బారులు తీరి ఉంటాయి. నెట్ సెంటర్‌లో గంటకు డబ్బు కట్టి, అందులో పావుగంట ఫాంటు ఎక్కించడానికే పోగొట్టుకున్న రోజులు నాకు గుర్తున్నాయి. మర్నాడు వెళితే వేరే కంప్యూటర్, మళ్లీ మొదటికి.

ఏ కంప్యూటర్‌లోనైనా ఒక అక్షరానికి ఒకే సంఖ్య ఉండేలా చేసే ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అయినా ఒత్తులు సరిగా పడాలంటే సెట్టింగుల్లోకి వెళ్లి టిక్కు పెట్టాలి, ఎక్స్‌పీ సీడీ అడిగితే పెట్టాలి. ఆ సీడీ ఎవరి దగ్గరుంటుంది? పత్రికల డెస్కుల్లో పేజీలు కట్టేది అను లాంటి డీటీపీ (అచ్చు పేజీలు కట్టే) ఫాంట్లతో. అవి యూనికోడ్‌వి కావు. వాటిని యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు చెదిరిపోయేవి, కూర్చుని ఒక్కొక్కటీ దిద్దాలి. వెతికితే దొరకని, కాపీ చేస్తే చెడిపోయే అక్షరం చుట్టూ మ్యాపులూ గొంతులూ ఎవరు అల్లుతారు?

తర్వాత స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి. తొలినాళ్ల ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు వార్త తెరిస్తే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు. వీడియోకు ఆ బాధ లేదు.

అప్పటికే దృశ్యం మనకు బాగా అలవాటైంది. 1983 నవంబరు 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో శాంతిస్వరూప్ తొలి తెలుగు వార్తలు చదివారు. టెలిప్రాంప్టర్ లేదు, వార్తలు కంఠతా పట్టి కెమెరా కళ్లలోకి చూస్తూ చెప్పేవారు. 1995లో ఈటీవీ, 2004లో టీవీ9, ఆ తర్వాత 24 గంటల చానళ్లు వరసకట్టాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక, చానళ్ల దగ్గర సిద్ధంగా ఉన్న సరుకంతా యూట్యూబ్‌లోకి వెళ్లింది. వెబ్‌లో మన వార్త, పత్రిక కొనసాగింపుగా కాక టీవీ కొనసాగింపుగా పెరిగింది.

ఈ వీడియోల భారం మోసింది మండల విలేకరి. ఒకప్పుడు అచ్చయిన మేరకు లైన్ అకౌంట్ (పంక్తుల లెక్కన డబ్బు) అందుకున్న మనిషి ఇప్పుడు వార్త రాయాలి, ఫొటో పంపాలి, ఫోను నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పట్టుకుని వీడియో తియ్యాలి. వీటికి తోడు ఊరి మ్యాపు గీసి, పదేళ్ల లెక్కలు తవ్వే తీరిక అతనికి ఎక్కడిది?

వేరే దారి లేకపోలేదు. మద్రాసులో పుట్టిన తెలుగువారు, పాత్రికేయుడు పి.సాయినాథ్ 2014 డిసెంబరులో మొదలుపెట్టిన పల్లె కథల వెబ్‌సైటు పారీలో (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) రాత, ఫొటో, గొంతు, వీడియో ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి. మరాఠీ పల్లెల్లో తిరగలి తిప్పుతూ ఆడవాళ్లు పాడుకున్న పాటలున్నాయక్కడ. పాట వినిపిస్తుంది, పక్కనే మాటలుంటాయి, పాడినామె ఫొటో, ఆమె కథ కనిపిస్తాయి. ఏ ఒక్కటి తీసేసినా ఆమె సగమే తెలుస్తుంది. తెలుగులోనూ పారీ కథనాలు చదువుకోవచ్చు.

ఫాంటు గొడవ ఇప్పుడు లేదు. సిలికానాంధ్ర ఇచ్చిన మండలి, గురజాడ, సూరన్న ఫాంట్లు ఉచితం. చేతిలోని ఫోనులో తెలుగు చక్కగా కనిపిస్తోంది, వెతికితే దొరుకుతోంది. బుడమేరు మళ్లీ పొంగేలోగా సింగ్‌నగర్ మనిషికి ఆ వాగు దారి, తన వీధి ఎత్తు, గండి పడిన చోటు ఒకే తెర మీద చూపించడానికి ఇక అడ్డేముంది?