800కి 800 వచ్చినా దిగులే

పొద్దున్నే లేచి ల్యాప్‌టాప్ తెరిస్తే 800. ఆ పరీక్షలో అంతకు మించి మార్కులే లేవు. ఇంట్లోవాళ్లను లేపి చెబుదామనుకునేలోపే కన్ను పక్కనున్న చిన్న అంకె మీద పడేది: పర్సంటైల్ (మనకంటే తక్కువ వచ్చినవాళ్ల శాతం), 80కి అటూ ఇటూ. అంటే రాసిన ప్రతి ఐదుగురిలో ఒకరికి అవే ఫుల్ మార్కులు. మన ఎంసెట్‌లో 160కి 160 వచ్చి, ర్యాంకు మాత్రం ఇరవై వేలని చూపిస్తే ఎలా ఉంటుంది? కాలేజీ సీటు కోసం ఒక్కో సబ్జెక్టుకూ విడిగా పెట్టిన శాట్ సబ్జెక్ట్ టెస్టుల్లో మ్యాథ్స్ లెవెల్ 2 రాసిన అమెరికా పిల్లలకు ఏళ్ల తరబడి ఇదే అనుభవం. ఎడిసన్‌లోనో ఫ్రీమాంట్‌లోనో ఉన్న తెలుగు ఇళ్లకూ ఇది కొత్త కాదు. 750 వచ్చిన మనవరాలు "మళ్లీ రాయనా?" అంటుంటే, ఇక్కడి నుంచి ఫోన్లో ఉన్న తాతయ్యకు అంతు పట్టేది కాదు. "ఇన్ని మార్కులొచ్చాక ఇంకేం కావాలే తల్లీ?" తాతయ్య అన్నదీ నిజమే, ఆ పిల్ల టెన్షనూ నిజమే. ఆ చిక్కుముడి ఎక్కడ పడిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ఈ పరీక్షలు పెట్టే సంస్థ పేరు కాలేజ్ బోర్డు. 1900లో ఏర్పడి, ఆ మరుసటి ఏడాది జూన్‌లో తొలి పరీక్షలు పెట్టింది. రాసినవారు వెయ్యి మంది కూడా లేరు. లాటిన్, గ్రీకు, చరిత్ర, గణితం, భౌతికశాస్త్రం వగైరా తొమ్మిది సబ్జెక్టులు. అన్నీ వివరంగా రాయాల్సిన జవాబులే. అధ్యాపకులు కొలంబియా యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుని వాటిని దిద్దారు. బడిలో ఏం నేర్చుకున్నావన్నదే అప్పటి ప్రశ్న. 1926లో శాట్ అనే కాలేజీ ప్రవేశ పరీక్ష వచ్చాక ప్రశ్న మారింది. ఏం నేర్చుకున్నావని కాదు, నీ బుర్ర ఎంత చురుకైందని చూడటం మొదలైంది. ఈ రెండు ప్రశ్నల మధ్య పేచీ నేటికీ తెగలేదు.

పాత ప్రశ్న పూర్తిగా పోలేదు. 1937లో అచీవ్‌మెంట్ టెస్టుల పేరుతో, ఆప్షన్లు ఎంచుకునే పద్ధతిలో తిరిగొచ్చింది. మొదట్లో స్కాలర్‌షిప్‌లు కోరేవారే రాసేవారు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వేసవిలోనూ తరగతులు నడపాలని నిర్ణయించుకోవడంతో జూన్‌లో వ్యాస పరీక్షలు పెట్టి, తీరిగ్గా దిద్దే వ్యవధి లేకుండా పోయింది. 1942లో ఆ పాత పరీక్షలు అటకెక్కాయి. ఏప్రిల్‌లో రాస్తే త్వరగా ఫలితాలొచ్చే శాట్, అచీవ్‌మెంట్ టెస్టులే మిగిలాయి. యుద్ధం అయిపోయింది గానీ వ్యాస పరీక్షలు మళ్లీ రాలేదు. 1994లో శాట్ 2 అన్నారు, 2005లో శాట్ సబ్జెక్ట్ టెస్టులన్నారు. పేర్లు మార్చడం వల్ల ఒరిగిందేమీ లేదు.

పరీక్ష హాలు మాత్రం తమాషాగా ఉండేది. అందరికీ ఇచ్చేది ఒకటే లావుపాటి బుక్‌లెట్, అందులో సబ్జెక్టులన్నీ వరసగా. ఒక్కో పరీక్షకు గంట, ఒక రోజుకు మూడు దాకా. కెమిస్ట్రీకి ఫీజు కట్టినవాడు అక్కడికొచ్చాక ధైర్యం చాలక పేజీలు తిప్పి బయాలజీ రాసుకోవచ్చు. భాష వినిపించే పరీక్షలు ఏడాదికి ఒక్కసారి, నవంబరులోనే. వాటికి సీడీ ప్లేయర్, ఇయర్‌ఫోన్లు పిల్లలే ఇంటి నుంచి తెచ్చుకోవాలి. ఇంట్లో పాటలన్నీ ఫోన్‌లోకి ఎక్కేసిన రోజుల్లో కూడా అంతే, అటక మీద వెతుక్కోవాల్సిందే. పరీక్ష పాడైందనిపిస్తే మార్కులు రద్దు చేసుకోవచ్చు. కాకపోతే ఒక్క ఫిజిక్స్‌నే తీసేస్తామంటే కుదరదు, ఆ రోజు రాసినవన్నీ పోతాయి. బాగా రాసిన మ్యాథ్స్ కోసం పాడైన ఫిజిక్స్‌ను ఉంచుకోవాలా, రెండూ వదులుకోవాలా? ఈ మీమాంసలో ఎన్ని ఇళ్లలో నిద్రలు పోయాయో!

ఇక ఆ 800 సంగతి. లెవెల్ 2లో 50 ప్రశ్నలు. ఒప్పుకు ఒక మార్కు, తప్పుకు పావు మార్కు కోత, వదిలేస్తే సున్నా. కోత అంటే మన నీట్ పిల్లలకు చెప్పక్కర్లేదు. చాలాసార్లు రా స్కోర్, అంటే కోత పోను మిగిలిన మార్కులు, 43, 44 ఉంటే చాలు, 800 ఇచ్చేసేవారు. ఆరేడు ప్రశ్నలు వదిలేసినవాడికీ, ఒక్కటీ వదలనివాడికీ ఒకే అంకె. ఈ మార్కులను 800 లెక్కలోకి మార్చే స్కేలును పరీక్షను బట్టి కాక, రాసేవాళ్ల స్థాయిని శాట్ మార్కులతో పోల్చి కట్టడం ఇందుకు కారణం. లెవెల్ 2 జోలికి వెళ్లేదే ఇంజినీరింగ్ మీద కన్నున్నవాళ్లు, కాలేజీ లెక్కలు స్కూల్లోనే మొదలుపెట్టినవాళ్లు. గట్టివాళ్లంతా ఒకచోట చేరారు కాబట్టి సగటూ పైకి లేచింది. లిటరేచర్‌లో అదే 800 తెచ్చుకుంటే పర్సంటైల్ 99. చైనీస్‌లోనైతే సగటు మార్కులే 750 దాటేవి, ఎందుకంటే రాసేవారిలో ఎక్కువమంది ఇంట్లో ఆ భాష మాట్లాడేవాళ్లే. ఎక్కడైనా 800 అని ఒకేలా అచ్చవుతుంది, విలువ మాత్రం వేరు. కాలేజీ అధికారులకు ఇది తెలుసు. పదహారేళ్ల పిల్లలకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు, నాకు కోపం వచ్చేది అక్కడే.

భాషల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. జపనీస్, చైనీస్, కొరియన్ పరీక్షలు 1990లలో చేరాయి. కొరియన్ కోసం అక్కడి కొరియన్ కుటుంబాలు గట్టిగా పట్టుబట్టాయి, శామ్‌సంగ్ డబ్బిచ్చింది. చివరికి ఇరవై పరీక్షలయ్యాయి. వాటిలో తెలుగు లేదు, హిందీ లేదు, అసలు భారతీయ భాషే లేదు. పక్కింటి కొరియన్ కుర్రాడు అమ్మభాషలో 800 తెచ్చుకుంటుంటే, మన పిల్లలు స్కూల్లో నేర్చిన స్పానిష్‌తో కుస్తీ పట్టారు.

ఈ పరీక్షలకు పెద్ద అండ కాలిఫోర్నియా యూనివర్సిటీ. 1968 నుంచి దరఖాస్తుతో శాట్‌తో పాటు ఇవీ అడిగింది. 2001 ఫిబ్రవరిలో దాని అధ్యక్షుడు రిచర్డ్ అట్కిన్సన్ ఒక బాంబు పేల్చాడు: అసలు శాట్‌నే తీసేద్దాం, సబ్జెక్టు పరీక్షలు ఉంచుదాం. ఒక ప్రైవేటు స్కూల్లో పన్నెండేళ్ల పిల్లలు శాట్ కోసం పదాల పోలికలు బట్టీ పట్టడం కళ్లారా చూశానని చెప్పాడు. కాలేజీలో ఎవరు నిలదొక్కుకుంటారో ముందే చెప్పడంలో శాట్ కంటే సబ్జెక్టు పరీక్షలే మెరుగని ఆ యూనివర్సిటీ పరిశోధకులూ తేల్చారు. కాలేజ్ బోర్డు ఉలిక్కిపడి 2005లో శాట్‌లోంచి ఆ పోలికలు తీసేసింది, వ్యాసం చేర్చింది.

తీరా ఎనిమిదేళ్లకు అదే యూనివర్సిటీ కథ తిరగేసింది. 2012లో చేరేవారి నుంచి సబ్జెక్టు పరీక్షలు తప్పనిసరి కాదని 2009లో తీర్మానించింది. చాలామంది మంచి విద్యార్థులు ఈ పరీక్షలు రాయనందువల్లే అర్హత కోల్పోతున్నారన్నది దాని వాదన. తమ పిల్లల సీట్లు తగ్గుతాయని ఆసియా అమెరికన్ సంఘాలు అభ్యంతరం చెప్పాయి, ఎవరూ వినలేదు. పెద్ద అండ పోయాక మిగిలినవాళ్లూ ఒక్కొక్కరే తప్పుకున్నారు. 2020 మార్చిలో ఎంఐటీ ఇక వీటిని చూడబోమంది. కోవిడ్ వచ్చి పరీక్షా కేంద్రాలు మూతపడ్డాయి. 2021 జనవరిలో కాలేజ్ బోర్డు అమెరికాలో వీటిని అప్పటికప్పుడు ఆపేసింది. మనలాంటి బయటి దేశాల వాళ్లకు ఆ మే, జూన్ నెలలే ఆఖరు.

పిల్లల నెత్తిన బరువు దిగిందని చాలామంది సంతోషించారు. నాకు అంత సంతోషం కలగలేదు. సొంతంగా పుస్తకం కొనుక్కుని చదివి, ఒక శనివారం వెళ్లి గంటలో తన సత్తా చూపే దారి అది. ఇప్పుడు ఆ జాగాలో ఏపీ పరీక్షలున్నాయి. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, స్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి పాఠాలు. ఏడాది పొడవునా క్లాసు, మే నెలలో మూడు గంటల పరీక్ష. ఆ క్లాసులే లేని చిన్న ఊళ్ల స్కూళ్లు ఎన్నో. జూలైలో ఫలితం, 5కి ఎన్నొచ్చాయన్నదే లెక్క. వాటిలో కాల్క్యులస్ బీసీ అనే లెక్కల పరీక్షలో దాదాపు పదిమందిలో నలుగురికి 5 వస్తుంది. మొన్న జూలైలోనూ ఏదో ఇంట్లో ఒక పిల్ల 5 చూసి మొహం ముడుచుకునే ఉంటుంది.