మీటరు కడుపులో చాక్లెట్ కాగితం

బుజ్జీ, చింటూ,

మొన్న ఆదివారం మీ నాన్న చిక్కడపల్లి వచ్చినప్పుడు పసుపు రంగు మల్టీమీటరు నా చేతిలో పెట్టి, "పిల్లలు ఏదో చేశారు, చూడు" అని చాయ్ తాగి వెళ్ళిపోయాడు. మీటరుకి రబ్బరు బ్యాండుతో కట్టిన చీటీ ఉంది. "తాతా, వోల్టులు కరెక్టుగానే చూపిస్తోంది. కరెంటు మాత్రం ఎక్కువ చూపిస్తోంది. 50 రావాల్సిన చోట 74 వస్తోంది. దీనికి పిచ్చి పట్టిందా?" దాని కింద చీమలంత అక్షరాలతో ఇంకో మాట: "కొంచెం వాసన కూడా వచ్చింది."

ఆ చివరి మాట బుజ్జిదని చేతిరాతే చెప్పింది. అది రాయకపోయి ఉంటే నాకు ఇంకో రెండు రోజులు పట్టేది.

ఫోన్లో చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు తప్పు ఎవరిదో తేల్చుకుందాం. సగం తప్పు మన భాషది. నాలుగు చినుకులు పడగానే "కరెంటు పోయింది" అంటాం. కరెంటు బిల్లు, కరెంటు స్తంభం, కరెంటాఫీసు, అన్నిటికీ ఒకటే మాట. అందుకని మీరు కూడా "అమ్మ స్కూటీ బ్యాటరీలో కరెంటు ఎంతుందో చూద్దాం" అనుకుని, మీటరు నాబ్‌ని కరెంటు వైపు తిప్పి, ఎర్ర ప్రోబు ఒక వైపు, నల్ల ప్రోబు ఇంకో వైపు పెట్టేశారు. తెలుగు ప్రకారం మీరు చేసింది న్యాయమే. మీటరుకి తెలుగు రాదు, అదీ గొడవ. బ్యాటరీలో ఎప్పుడూ కూర్చుని ఉండేది వోల్టేజీ. మీటరు భాషలో కరెంటు అంటే దారి దొరికినప్పుడు పారేది మాత్రమే.

ఇది మీకు నుమాయిష్‌తో చెప్తాను. నాంపల్లిలో జనవరి ఒకటిన మొదలయ్యే ఆ ఎగ్జిబిషన్‌కి పోయిన ఏడాది వెళ్ళాం కదా, అజంతా గేటు ముందు చింటూ చెప్పు పోగొట్టుకున్నాడు. ఆ గేటు ముందు జనం తోసుకుంటూ ఉంటారు. ఆ తోపే వోల్టేజీ. తోపు ఎంతుందో తెలియాలంటే ఎదురుగా మేడ మీద నిలబడి చూస్తే చాలు. ఎవరినీ ఆపక్కర్లేదు, ఎవరి దారికీ అడ్డం పోనక్కర్లేదు. వోల్టులు కొలిచేటప్పుడు మీటరు అలాగే పక్కన నిలబడుతుంది.

గంటకి ఎంతమంది లోపలికి పోతున్నారో తెలియాలంటే మేడ మీద నుంచి కుదరదు. దారిని కోసి, మధ్యలో గేటు పెట్టి, అందరినీ అందులోంచే పంపాలి. కరెంటు కొలవడం అది. వైరు విప్పి, మధ్యలో మీటరుని పెట్టాలి. అంటే మీటరు కూడా దారిలో ఒక భాగం అయిపోతుంది. పారేదంతా దాని కడుపులోంచే పారుతుంది.

ఇంకో విచిత్రం. మీటరుకి జనాన్ని లెక్కపెట్టడం రాదు. దాని లోపల నల్లగా తారు చుక్కలా ఒకటి ఉంటుంది, ఆ చుక్క కిందే చిప్పు. ఆ చిప్పుకి తెలిసింది ఒకటే విద్య: 200 మిల్లీవోల్టుల లోపు తోపుని కొలవడం. అందుకే గేటుకి ముందు తోపు ఎంత, గేటు దాటాక ఎంత అని చూసి, ఆ తేడాని బట్టి ఇంతమంది పోయారని చెప్తుంది. ఆ గేటే రెసిస్టర్, అది ఎంత ఇరుకో ఓముల్లో చెప్తారు. దాన్ని షంటు అంటారు. 200 మిల్లీ ఆంపియర్ల రేంజిలో అది 1 ఓమ్. 20 రేంజిలో 10 ఓములు. 2000 మైక్రో అని రాసిన చోట 100 ఓములు. జనం తక్కువైతే ఇరుకు గేటు, ఎక్కువైతే వెడల్పు గేటు. ఏ రేంజిలోనైనా గేటు దగ్గర పడే తేడా ఆ 200 మిల్లీవోల్టులు దాటకూడదు, అదీ ఏర్పాటు.

మరి మీరేం చేశారు? నాబ్ 200 రేంజిలో ఉంది, అంటే 1 ఓమ్ గేటు. దాన్ని పన్నెండు వోల్టుల బ్యాటరీకి నేరుగా ఆనించారు. లోపల దుకాణాలు లేవు, జెయింట్ వీల్ లేదు, మిర్చి బజ్జీ బండి లేదు, ఆగడానికి ఏమీ లేదు. జనం మొత్తం ఒకేసారి ఆ గేటు మీద పడ్డారు. లెక్కకి 12 ఆంపియర్లు. ప్రోబుల వైర్లలో కొంత తగ్గినా, పావు వాటు భరించే పిల్ల రెసిస్టర్ మీద పదుల వాట్లు పడ్డాయి.

ఇలాంటివాళ్ళు ఉంటారని తెలిసే మీటరు చేసినవాళ్ళు గేటు ముందు ఒక పలుచని దారం కట్టారు. అదే ఫ్యూజు. దాటే జనం మితిమీరితే దారం తెగుతుంది, దారి మూసుకుంటుంది, గేటు బతుకుతుంది. మరి మీ మీటర్లో దారం ఎందుకు తెగలేదా అనుకుంటూ వెనక రెండు స్క్రూలు విప్పాను.

దొరికింది! గాజు ఫ్యూజు ఎప్పుడో పోయింది. దాని చుట్టూ చాక్లెట్ వెండి కాగితం, గోటితో నున్నగా రుద్ది మరీ చుట్టి ఉంది. అంత పనితనం చింటూగాడిదే. మొదటిసారి ఫ్యూజు తెగింది, కరెంటు రేంజులన్నీ సున్నా అయ్యాయి, వీడు కాగితం చుట్టాడు, మీటరు మళ్ళీ లేచింది, మీరు మళ్ళీ బ్యాటరీకి పెట్టారు. అవునా కాదా? దారం బదులు ఇనప గొలుసు కట్టారన్నమాట. గొలుసు తెగదు, గేటు వంగుతుంది. బుజ్జికి వచ్చిన వాసన అదే.

తిట్టడానికి నాకు మొహం లేదు. నా పదకొండో ఏట మేం బడీచౌడీలో అద్దెకి ఉండేవాళ్ళం. సుల్తాన్ బజార్ వైపు పోయే దారిలో ఒక రేడియో రిపేరు దుకాణం. స్కూలు అవగానే సంచీ అక్కడే పడేసి దుకాణం సాబ్ పక్కన కూర్చునేవాణ్ణి. ఆయన దగ్గర పెద్ద నల్లటి ముల్లు మీటరు ఉండేది, తోలు పట్టీతో. దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. అదేంటని అడిగితే "ఏవో మీటర్" అనేవాడు. నాకు చెప్పడం ఇష్టం లేక "ఏవో మీటరులే" అని దాటేస్తున్నాడనుకుని ఆర్నెల్లు అలిగాను. తర్వాత తెలిసింది, దాని పేరే ఏ.వి.ఓ. అని: ఆంపియర్లు, వోల్టులు, ఓములు. ఇంగ్లండులో పోస్టాఫీసు టెలిఫోన్ల ఇంజినీరు డోనల్డ్ మెకేడీ మూడు పనులకి మూడు పెట్టెలు మొయ్యలేక అన్నీ ఒకదాంట్లో కుదిర్చాడు. 1923లో అది అమ్మకానికి వచ్చింది. మీ చేతిలోని పసుపు మీటరు దాని మునిమనవడు.

ఒకరోజు సాబ్ నమాజుకి వెళ్ళాడు. నేను మీరు చేసిందే చేశాను. ఆరు వోల్టుల బ్యాటరీ, కరెంటు రేంజి. ముల్లు ఈ చివరి నుంచి ఆ చివరికి కొట్టుకుంది, మీటరు మీద ఒక బటన్ టక్కుమని పైకి లేచింది. నేను పరుగో పరుగు. మూడు రోజులు ఆ వీధి తొక్కలేదు. నాలుగో రోజు సాబ్ నన్ను కూరగాయల బండి దగ్గర పట్టుకుని, "కైకు భాగా రే?" (ఎందుకు పారిపోయావురా?) అన్నాడు. దుకాణానికి తీసుకెళ్ళి, మళ్ళీ నా చేతే బటన్ పైకి లేచేలా చేయించి, నా వేలితోనే లోపలికి నొక్కించాడు. అది కటౌటు, మీటరు తనని తాను కాపాడుకునే ఏర్పాటు. మూడు రోజులు నిద్ర లేకుండా నేను పడ్డ టెన్షన్ ఆ ఒక్క నొక్కుతో పోయింది. చెప్పేసి ఉంటే మొదటి రోజే పోయేది. బుజ్జి వాసన సంగతి రాసింది చూడు, అందుకే దానికి ఈసారి రెండు పుల్ల ఐస్‌లు.

సరే, మీటరు సంగతి. కొత్త ఫ్యూజు వేశాక దొంగని పట్టుకోవడానికి మూడు పరీక్షలు పెట్టాను. ఫోన్ ఛార్జరు ఐదు వోల్టులు, దానికి వరసగా రెసిస్టర్. 100 ఓములు పెట్టి 200 రేంజిలో చూస్తే 49.5 రావాలి, 74 వచ్చింది. వెయ్యి ఓములు పెట్టి 20 రేంజిలో చూస్తే 4.95 రావాలి, 5.20 వచ్చింది. పదివేల ఓములు పెట్టి 2000 మైక్రో రేంజిలో చూస్తే 495 రావాలి, 497 వచ్చింది. చూశారా, ఒకచోట యాభై శాతం తప్పు, ఇంకోచోట ఐదు, మూడోచోట అర శాతం. చిప్పు చెడిపోతే అన్నిచోట్లా ఒకేలా తప్పాలి. ఈ తప్పు మెట్లు దిగినట్టు పదో వంతు చొప్పున దిగుతోంది.

ఎందుకంటే ఈ గేట్లు వేర్వేరు గోడల్లో లేవు, ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. 90, 9, 0.99, చివర మందపాటి తీగ 0.01. 200 రేంజి జనం చివరి రెండు గేట్లే దాటుతారు. 20 రేంజి వాళ్ళు వాటితో పాటు తొమ్మిది ఓముల గేటు కూడా దాటుతారు. అందరికీ ఉమ్మడి గేటు 0.99. అది కాలి ఒకటిన్నరకి దగ్గరైంది. అర ఓమ్ పెరగడం 1 ఓమ్ దారికి ప్రళయం, 10 ఓముల దారికి చిన్న ఇబ్బంది, 100 ఓముల దారికి దోమ కుట్టినట్టు. భూతద్దం పెట్టి చూస్తే ఆ రెసిస్టర్ నడుం దగ్గర గోధుమ రంగు మరక, రంగు పట్టీల్లో ఒకటి కనపడనే లేదు.

నుమాయిష్ పోలిక ఇక్కడికి ఆపేస్తాను. నానమ్మ ఇది చదివి "ఎలక్ట్రాన్లు హలీం తింటాయని కూడా రాస్తావా?" అంటోంది.

0.99 ఓముల రెసిస్టర్ కోసం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాను. మూడు దుకాణాలు తిరిగినా అది లేదు. ఒకాయన "అంకుల్, రాగి తీగ చుట్టెయ్యండి, నడుస్తుంది" అన్నాడు. ఆయన కూడా మన చింటూ జాతే. నేను ఒక శాతం తేడా ఉండే రెసిస్టర్లు రెండు కొన్నాను, ఒకటి 1 ఓమ్, ఇంకోటి 100 ఓములు. రెండిటినీ పక్కపక్కన పెట్టి సోల్డర్ చేశాను. పెద్ద గేటు పక్కన ఒక పిల్ల తలుపు తెరిస్తే దారి కొంచెం సులువవుతుంది కదా (ఆపలేకపోయాను, క్షమించండి). 1ని 100తో గుణించి, 101తో భాగించి చూడండి. 0.990 వచ్చి మీకే నవ్వొస్తుంది.

ఇంత చేసి అసలు ప్రమాదం ఎక్కడ జరిగిందో చెప్పనా? బోర్డు పైకి లేపగానే నాబ్ ఊడి, దాని కింద స్ప్రింగుల మీద కూర్చున్న రెండు ఉక్కు గోళీలు ఎగిరిపోయాయి. ఆవగింజకి కాస్త పెద్దవి. నాబ్ తిప్పితే టకటకమనేది వాటివల్లే. ఒకటి చొక్కా జేబులో దొరికింది. రెండోదాని కోసం మీ నానమ్మ అయస్కాంతానికి దారం కట్టి మంచం కింద చేపలు పట్టినట్టు పట్టింది. ఎలాగూ విప్పాను కదా అని నాబ్ కింద బంగారు రంగు వలయాలని స్పిరిట్ తడిపిన దూదితో తుడిచాను. దూది నల్లగా వచ్చింది. ఇప్పుడు 49.4 చూపిస్తోంది, నాకు చాలు.

రెండు విషయాలు కచ్చితంగా. ఫ్యూజు మళ్ళీ పోతే, మీటరు మీద ఎంత రాసుందో అంతే వేయాలి. 10 ఆంపియర్లని రాసి ఉన్న మూడో సాకెట్‌కి మీ మీటర్లో దారమే లేదు, దాని జోలికి పోవద్దు. గోడలో ప్లగ్గు దగ్గరికి ఈ మీటరు తీసుకెళ్ళారని తెలిస్తే మాత్రం నేనే మియాపూర్ వచ్చి పట్టుకుపోతాను.

మీటరుతో పాటు ఒక పెన్సిల్ సెల్లు, ఒక వెయ్యి ఓముల రెసిస్టర్ పంపుతున్నాను. రెండిటినీ వరసగా కలిపి, మధ్యలో మీటరు పెట్టి, ముందు 20 రేంజిలో ఎంతొచ్చిందో రాసుకోండి. ఏమీ కదపకుండా నాబ్ ఒక్కటే 2000 మైక్రోకి తిప్పి మళ్ళీ చూడండి. సెల్లు అదే, రెసిస్టర్ అదే, రెండు చోట్లా ఒకే కరెంటు రావాలి కదా? రాదు, రెండోచోట తగ్గుతుంది. మీటరు బాగానే ఉంది, నాది పూచీ. ఎందుకు తగ్గిందో నేను చెప్పను. నాబ్ తిప్పినప్పుడు దారిలో ఏది మారిందో చూసుకుని, రెండు అంకెలూ చీటీ మీద రాసి మీ నాన్నతో పంపండి.

మీ తాత