బిళ్ళగన్నేరు: ఆకుకూ మందుకూ మధ్య దూరం

ఏదో ఒక మూలిక సారం లుకేమియా కణాలను చంపిందన్న ప్రయోగశాల వార్త వెలువడిన ప్రతిసారీ బిళ్ళగన్నేరును సాక్ష్యానికి పిలుస్తారు. పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ ఆ ఆకులోంచే వచ్చినప్పుడు ఆకు రసం తాగితే తప్పేమిటన్నది ఇప్పుడు మళ్ళీ రాజుకున్న వాదన. మొక్క పుట్టిల్లు మడగాస్కర్ అన్న సంగతి అందరికీ తెలిసిందే కనుక దాన్ని వదిలేసి, అసలు ముడి పడిన చోటికి, అంటే 1950లలో కెనడాలోని వెస్టర్న్ అంటారియో విశ్వవిద్యాలయానికి వెళ్ళాలి.

జమైకాలో మధుమేహానికి ఈ ఆకుల కషాయం తాగేవారు. అక్కడి వైద్యుడొకరు 1952లో పాతిక ఆకులను కవరులో పెట్టి కెనడాలోని డాక్టర్ క్లార్క్ నోబుల్‌కు పంపగా, ఆయన వాటిని ఆ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడైన తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు అందజేశారు. ఆ సారాన్ని ఎలుకలకు నోటి ద్వారా ఇస్తే రక్తంలో చక్కెర కదలలేదు. సిరలోకి ఎక్కించి చూస్తే అప్పుడూ చక్కెర తగ్గలేదు కానీ, ఎలుకలు కొద్ది రోజుల్లోనే చీముగడ్డలు లేచి, సూక్ష్మజీవుల దాడికి తట్టుకోలేక చనిపోయాయి. కారణం వెతికితే వాటి తెల్ల రక్తకణాలు పడిపోయి, రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జ చతికిలబడి ఉంది. తెల్ల కణాలు అదుపు తప్పి పెరగడమే లుకేమియా కాబట్టి, ఎలుకల చావులో మందు జాడ దొరికింది.

నేటి వివాదానికి జవాబు, నా దృష్టిలో, ఈ ఒక్క ఘట్టంలోనే ఉంది. మజ్జను దెబ్బతీసే ఆ గుణం బయటపడింది తాగించినప్పుడు కాదు, సిరలోకి ఎక్కించినప్పుడు. అదీ మేలుగా కాదు, విషంగా.

ఆ తర్వాతి కథ విషాన్ని అదుపులోకి తెచ్చిన కథ. రసాయన శాస్త్రవేత్త చార్లెస్ బీర్‌తో కలిసి రాబర్ట్ నోబుల్ ఆ ఆకులోంచి విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందును వేరు చేసి 1958లో వెల్లడించారు. విడిగా ఇదే మొక్కపై పనిచేస్తున్న అమెరికా మందుల కంపెనీ ఎలై లిలీలో గోర్డన్ స్వబోడా బృందం విన్‌క్రిస్టిన్‌ను వేరు చేయగా, 1963లో దానికి అమెరికాలో అనుమతి లభించింది. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపు లాగే సన్నని నాళికలు ఏర్పడకుండా విన్‌క్రిస్టిన్ అడ్డుపడుతుంది. అయినా అది ఒంటరిగా జబ్బును గెలవలేదు. మెథోట్రెక్సేట్, మెర్కాప్టోప్యూరిన్, ప్రెడ్నిసోన్ అనే ఇతర మందులతో కలిపి వాడినప్పుడే పిల్లల్లో ఫలితాలు మలుపు తిరిగాయి.

శుద్ధి చేసిన ఒక్క రసాయనం కంటే మొత్తం ఆకే శరీరానికి సౌమ్యమని రసం పక్షం వారు అంటారు. కానీ ఆ ఆకులో వందకు పైగా ఆల్కలాయిడ్లు, అంటే శరీరంపై గట్టిగా పనిచేసే మొక్క రసాయనాలు, ఉన్నాయి. విన్‌క్రిస్టిన్ మాత్రం టన్ను ఎండుటాకులో కొద్ది గ్రాములకు మించి దొరకదు. గ్లాసు రసంలో ఏది ఎంత దిగిందో ఎవరు కొలుస్తారు?

ఆసుపత్రిలో ఈ మందును శరీర వైశాల్యానికి లెక్కగట్టి, సాధారణంగా ఒక మోతాదు 2 మిల్లీగ్రాములు దాటకుండా, సిరలోకి మాత్రమే ఎక్కిస్తారు. అదే మందు పొరపాటున వెన్నులోకి వెళ్ళి రోగులు మరణించిన ఘటనల వల్ల, దాన్ని సిరంజిలో కాక చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో హెచ్చరించింది.